మగ్గం మీద చీరలున్నాయి, ఇన్‌స్టాలో కొనేవాళ్ళు లేరు: ఫాలోయర్లని పెంచుకోవడం ఎలా?

మంగళగిరి మగ్గం
అందరికీ నమస్తే. మాది మంగళగిరి. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి (నేలలో గుంట తీసి పెట్టేవి), ఒకటి నాన్న నేస్తారు, ఒకటి బాబాయి. ఇన్నేళ్ళూ మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకోవడం, నేసిన చీరలు అప్పజెప్పి మజూరీ తీసుకోవడం, ఇంతే. ఈ మధ్యే ఒక మగ్గం మీద సొంత నూలు ఎక్కించాం, ఆ చీరలైనా నేరుగా కట్టుకునేవాళ్ళకే అమ్మాలని నా పట్టుదల. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను, కండెలు చుట్టడం, పడుగు (నిలువు దారాలు) ఎక్కించడం, మా చీరలకుండే నిజాం అంచు నేయడం అన్నీ రీల్స్ తీసి పెడుతున్నాను. చూస్తున్నారు, లైక్ కొడుతున్నారు, కింద "ప్రైస్ ప్లీజ్" అని రాస్తున్నారు, ధర చెప్పాక మళ్ళీ కనపడరు. ఫాలోయర్లు కొన్ని వందల దగ్గర ఆగిపోయారు. మా పెదనాన్న కొడుకు డబ్బిచ్చి పదివేల మందిని కొనేద్దాం, నంబర్ చూస్తే నమ్మకం వస్తుంది అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు, కానీ వేరే దారీ తెలియడం లేదు. ఇలా సొంతంగా అమ్ముకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆవకాయ జాడీ
చెల్లీ, ముందు ఆ ఫాలోయర్లని కొనే ఆలోచన మానెయ్. నేను రాజమండ్రిలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. నా ఇన్‌స్టా పేజీలో ఇప్పటికీ పెద్దగా జనం లేరు, కానీ మాగాయ సీజన్ వస్తే నాకు ఊపిరి ఆడదు, ఎందుకంటే నా వ్యాపారం మొత్తం వాట్సాప్ స్టేటస్ మీద నడుస్తుంది. మొదట కొన్నది మా అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, తర్వాత మా వారి ఆఫీసులో వాళ్ళు, తర్వాత మా ఆడపడుచు ఉండే బెంగళూరు అపార్ట్‌మెంట్ వాళ్ళు. అందరూ ఒకరి ద్వారా ఒకరు వచ్చినవాళ్ళే. కొత్తవాళ్ళు మెసేజ్ పెడితే నేను అడిగే మొదటి మాట "మీకు నా నంబర్ ఎవరిచ్చారండీ?" అని. ఆ పేరు రాసి పెట్టుకుంటాను, పంపినావిడకి తర్వాత పార్సిల్‌లో చిన్న సీసా గోంగూర పెడతాను. ఆవిడ ఇంకో నలుగురికి చెబుతుంది.

ఇంకో సంగతి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టుకో. ఒక లిస్ట్‌లో 256 మంది దాకా పడతారు, గ్రూప్‌లా ఒకరి నంబర్ ఇంకొకరికి కనిపించదు, నీ మెసేజ్ ఎవరికి వాళ్ళకి విడిగా వెళ్తుంది. అయితే అవతలివాళ్ళు నీ నంబర్ సేవ్ చేసుకుంటేనే అందుతుంది. నా దృష్టిలో అదే మంచిది. నీ నంబర్ సేవ్ చేసుకునేంత ఆసక్తి ఉన్న మనిషికే నీ చీర ఫోటో వెళ్తుంది.

అమీర్‌పేట యాడ్స్
నేను హైదరాబాద్‌లో షాపులకి సోషల్ మీడియా పేజీలు చూస్తాను, ఇది నా ఉద్యోగం. ఫాలోయర్లని కొనవద్దని పై అక్క చెప్పినదానికి నేను కారణం చెబుతాను. డబ్బిచ్చి తెచ్చిన అకౌంట్లు నీ రీల్ చూడవు, ఎవరికీ పంపవు. ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొస్సెరి చాలాసార్లు చెప్పిందేమిటంటే, ఒక పోస్టును ముందుకు తీసుకెళ్ళడానికి వాళ్ళు చూసేవాటిలో ముఖ్యమైనవి ఎంతసేపు చూశారు, లైక్ చేశారా, ఇంకొకరికి పంపారా అన్నవి. కొత్తవాళ్ళకి చేరాలంటే ఇంకొకరికి పంపడమే అన్నిటికన్నా పెద్దది. పదివేల మంది ఫాలోయర్లుండి ఒక్కరూ కదలకపోతే, ఈ పోస్టులో సరుకు లేదనే ఇన్‌స్టా అనుకుంటుంది. కొన్నందుకు పేజీ ఇంకా దిగజారుతుంది.

కానీ ఒట్టి తెలిసినవాళ్ళతోనే నడపమంటే నేను ఒప్పుకోను. చుట్టాలు ఎంతమంది ఉంటారు? రెండు చీరలు కొని ఆగిపోతారు. కొంచెం డబ్బు పెట్టి యాడ్ వేసుకోవచ్చు, నొక్కితే నేరుగా నీ వాట్సాప్ తెరుచుకునే యాడ్స్ ఉన్నాయి. విజయవాడ, హైదరాబాద్, బెంగళూరు అని ఊళ్ళు పెట్టుకుని వేయొచ్చు. చీరలు కట్టి చూపించే అమ్మాయిలు ఉంటారు కదా, చిన్న పేజీలవాళ్ళు, వాళ్ళకి ఒక చీర పంపితే పెడతారు. అయితే ఊరికే ఇచ్చిన చీర అయినా అది ప్రకటనే, కాబట్టి ఆ సంగతి పోస్టులో స్పష్టంగా రాయాలి. 2021 నుంచి అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నిబంధన అది, చాలామంది పాటించరు కానీ నువ్వు పాటించు, నీ మీద నమ్మకం పెరుగుతుంది.

చీరాల పెద్దాయన
అమ్మా, నేనూ మగ్గం మీద బతికినవాడినే, ఇప్పుడు కళ్ళు సహకరించక ఆపేశాను. వీళ్ళెవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. నీ సొంత మగ్గం ఒక్కటే కదా, దాని మీద నెలకి ఎన్ని చీరలు దిగుతాయి? పదుల్లో కూడా కాదు, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆకాశం మబ్బు పట్టి చెమ్మ ఎక్కువైతే అవి కూడా తగ్గుతాయి, గుంటలోకి నీళ్ళు ఊరితే మగ్గమే ఆగిపోతుంది. మరి నీకు లక్షమంది ఎందుకు? లక్షమంది వచ్చి అడిగితే ఏం చేస్తావు, కరెంటుతో నడిచే పవర్‌లూమ్ చీర తెచ్చి ఇస్తావా? చాలామంది అక్కడే పాడైపోయారు. ఏడాదికి మీ మగ్గం మీద దిగేది లెక్కేసుకో, అంతకి రెండింతల మంది నీకు పేరుపేరునా తెలిసుంటే చాలు. ఆ లెక్క తేలనిదే ఫాలోయర్ల గురించి ఆలోచించడం అనవసరం.

రెండో మాట. ఇంకో మగ్గం మాస్టర్ వీవర్ నూలు మీద నడుస్తోంది అన్నావు. ఆ నూలుతో నేసిన చీర ఫోటో నీ పేజీలో పొరపాటున కూడా పెట్టకు. ఆ డిజైన్ ఆయనది, చీర ఆయనది. ఆయనకి తెలిస్తే నూలు ఇవ్వడం ఆపేస్తాడు, నీ కొత్త వ్యాపారం నిలబడేలోపు ఇల్లు గడవదు.

మంగళగిరి మగ్గం
పెద్దాయనగారూ, మీరు అడిగింది నేను ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు. నాన్నకి చదివి వినిపించాను, ఆయన "అదీ మాట" అన్నారు. మాస్టర్ వీవర్ చీరలు పెట్టడం లేదండీ, నాన్న మొదటి రోజే గట్టిగా చెప్పారు.

ఆవకాయ అక్కా, స్టేటస్ పెట్టడం మొదలుపెట్టాను. ఒక టెన్షన్ ఉంది, అందుకే ఇన్నాళ్ళూ నంబర్ ఇవ్వలేదు. పేజీలో నంబర్ పెడితే రాత్రిళ్ళు వీడియో కాల్స్, పిచ్చి మెసేజ్‌లు. ఆడపిల్ల నంబర్ అని తెలిస్తే చాలు. మీరంతా ఎలా తట్టుకుంటున్నారు?

ఆవకాయ జాడీ
ఇది ఆడవాళ్ళందరికీ ఉన్న బాధే చెల్లీ, దీనికి భయపడి మానేసినవాళ్ళు నాకు తెలుసు. నేను చేసింది చెబుతాను. వ్యాపారానికి వేరే సిమ్, అందులో వాట్సాప్ బిజినెస్. ప్రొఫైల్ ఫోటో జాడీది, నాది కాదు. పేరు కూడా అంగడి పేరే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా ఆపే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసెయ్. కాల్ వచ్చినట్టు లిస్టులో కనిపిస్తుంది, మోగదు. "ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు మాత్రమే" అని ఆటోమేటిక్ మెసేజ్ పెట్టుకో. పిచ్చి మెసేజ్ వస్తే సమాధానం ఇవ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, రిపోర్ట్ కొట్టి బ్లాక్ చెయ్. బెదిరింపు దాకా వస్తే 1930కి కాదు, అది డబ్బు మోసాలకి, వేధింపులకి 112 ఉంది, ఆన్‌లైన్‌లో కంప్లయింట్ ఇచ్చే సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది.

డబ్బు మోసం అన్నాను కాబట్టి ఇది కూడా విను. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్ నమ్మి చీర పంపొద్దు, నీ బ్యాంకు అకౌంట్‌లో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్.

జగిత్యాల తమ్ముడు
అక్కా, నేను వీడియోల వైపు నుంచి చెప్తా. మాది జగిత్యాల జిల్లా, మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ వాళ్ళ లంబాడిపల్లి మాకు దగ్గర. వాళ్ళు 2012లో మొదలుపెట్టినప్పుడు యాక్టర్లు లేరు, సెట్లు లేవు, ఊళ్ళోవాళ్ళే నటించారు. గంగవ్వ అట్లనే వచ్చింది, పొలం పనులు చేసుకునే మనిషి. వీడియోలో ఉన్నోళ్ళ చుట్టాలు చూస్తరు, పక్క ఊరోళ్ళు చూస్తరు, దుబాయ్‌లో ఉన్న ఊరి పిల్లలు చూస్తరు, వాళ్ళు గ్రూపుల్లో వేస్తరు. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటరు కదా, ఊరిని చూడాలని మస్తు ఆశ ఉంటది వాళ్ళకి. ఊరే మొదటి ప్రేక్షకులు అన్నట్టు. 2020లో గంగవ్వ బిగ్ బాస్‌కి పోయేసరికి రాష్ట్రం మొత్తానికి తెలుసు, కానీ అది ఎనిమిదేళ్ళ తర్వాత ముచ్చట.

మీ రీల్స్ చూసిన (పేజీ పేరు మీరు ప్రొఫైల్‌లో పెట్టిండ్రు కదా). అన్నిట్లో చేతులు, దారాలు, పైన సినిమా పాట. మీ నాయన ముఖం ఒక్కదాంట్లో లేదు, మాట లేదు. ఆ పాట తీసేసి మగ్గం చప్పుడు ఉంచండి. నాయన నేస్తూ నేస్తూ ఈ రంగు ఎందుకు పెట్టిండో ఆయన మాటల్లో చెప్పాలి. గుంటూరు జిల్లాలో మస్తానమ్మ గారు గుర్తుందా, వందేళ్ళు దాటిన అవ్వ, కట్టెల పొయ్యి మీద వంట. యూట్యూబ్‌లో 2016లో మొదలైతే రెండేళ్ళలో ప్రపంచమంతా చూసింది, 2018లో పోయింది పాపం. ఆమె కెమెరా కోసం మారలేదు, రోజూ ఎట్లుంటదో అట్లనే ఉంది, జనం మనిషిని చూసిండ్రు.

మంగళగిరి మగ్గం
నాన్న కెమెరా ముందు మాట్లాడరు తమ్ముడూ, సిగ్గు. చిరిగిన బనీను మీద ఎలా తీస్తావే అంటారు.

జగిత్యాల తమ్ముడు
కెమెరా చూసి మాట్లాడమనొద్దు. ఫోన్ మగ్గం పక్కన నిలబెట్టి మీరు ఎదురుంగ కూర్చొని ఊరికే అడగండి, మీరు చిన్నప్పుడు ఎవరు నేర్పిండ్రు, మొదటి చీర ఎవరు కట్టుకున్నరు అని. మీతోటి మాట్లాడుతడు. బనీను సంగతి మాత్రం ఆయన ఇష్టం, చొక్కా వేసుకుంటానంటే వేసుకోనియ్యండి. ఆయనకి ఇష్టం లేని వీడియో పెట్టకండి.

డాలస్ గుంటూరు
నేను కొనేవైపు నుంచి రాస్తున్నాను. మాది గుంటూరు, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాం. మంగళగిరి కాటన్ అంటే నాకు ప్రాణం, ఎనభై కౌంట్ (సన్నటి) నూలు చీర ఉతికినకొద్దీ మెత్తబడుతుంది, ఆ సుఖం ఇంకే చీరలోనూ లేదు. కానీ ఇన్‌స్టాలో కొనాలంటే భయం. చేనేత అని రాసి పవర్‌లూమ్ పంపుతారు, ఫోటోలో ఒక రంగు, వచ్చేది ఇంకో రంగు. నేను ఫాలోయర్ల సంఖ్య ఎప్పుడూ చూడలేదు. చూసేది ఒకటే, నాకు తెలిసినవాళ్ళు ఎవరైనా అక్కడ కొన్నారా అని. నాకు తెలిసినావిడ ఎవరైనా ఆ పేజీని ఫాలో అవుతుంటే వెంటనే ఆవిడకే మెసేజ్ పెడతాను.

నువ్వు అంచు పక్కన ఉండే సన్నటి సూది రంధ్రాలు దగ్గరగా చూపించు, బట్ట బిగువు నిలవడానికి మగ్గం మీద కట్టే కర్ర మేకుల గుర్తులు అవి. పవర్‌లూమ్‌కీ చేనేతకీ తేడా ఎలా తెలుసుకోవాలో మీ నాన్నగారి చేత చెప్పించు. అలాంటి వీడియో నాకు దొరికితే నేను ఇక్కడ మా మూడు గ్రూపుల్లోనూ పెడతాను, చీర కొనమని కాదు, అందరికీ పనికొస్తుందని. ఇంకొకరికి పంపడమే పెద్దది అని పైన అమీర్‌పేట యాడ్స్ అన్నారు కదా, మాలాంటివాళ్ళు పంపేది ఇలాంటివే.

అమెరికాకి పంపే విషయం మాత్రం జాగ్రత్తగా ఆలోచించు. ఇదివరకు 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఆ రోజుల్లో ఇండియా పోస్ట్ కూడా అమెరికా పార్సిళ్ళు కొన్నాళ్ళు ఆపేసింది. అందుకే ఇప్పుడు మేము చేసేది, గుంటూరులో మా అమ్మ అడ్రస్‌కి తెప్పించుకోవడం, ఎవరు ఇటు వస్తే వాళ్ళ సూట్‌కేస్‌లో రావడం. నువ్వు కూడా ఎన్నారైలకి అదే చెప్పు, అమ్మగారింటికి పంపుతాను అని. అప్పుడు ఆ అమ్మగారు, పక్కింటావిడ కూడా నీ చీర చూస్తారు.

అమీర్‌పేట యాడ్స్
డాలస్ అక్క చెప్పిన రంధ్రాల వీడియో అద్భుతంగా వెళ్తుంది, నేను రాసిస్తాను కావాలంటే. పెద్దాయన అడిగిన లెక్క చూశాక యాడ్స్ సంగతి నేనూ పక్కన పెడతాను. ఒక మగ్గానికి యాడ్ అక్కర్లేదు. రేపు చుట్టుపక్కల నాలుగు మగ్గాలవాళ్ళు కలిసి వస్తే అప్పుడు చూద్దాం.

ఒక్కటి చేర్చాలి. పేజీలో "ధర కోసం మెసేజ్ పెట్టండి" అనొద్దు. ధర రాసెయ్యండి. ధర దాచే పేజీ అంటే మనిషిని బట్టి చెబుతారేమో అని అనుమానం. మీ "ప్రైస్ ప్లీజ్" జనం సగం దానితోనే తగ్గిపోతారు, మిగిలేవాళ్ళు కొనేవాళ్ళు.

విజయవాడ ఎడిటర్
నాది పెళ్ళి వీడియోల పని. ఇన్‌స్టా మీదే మొత్తం పెట్టుకోవద్దని చెప్పడానికి వచ్చాను. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను నిషేధించింది. మా ఏరియాలో లక్షల ఫాలోయర్లున్న కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, షాపు ప్రారంభాలకి పిలిచి డబ్బులిచ్చేవాళ్ళు. తెల్లారేసరికి ఏమీ లేదు. వాళ్ళలో మళ్ళీ లేచినవాళ్ళు ఎవరంటే, తమని చూసేవాళ్ళతో వేరే చోట కూడా పరిచయం ఉన్నవాళ్ళు, ఒకరికొకరు వీడియోల్లో కనిపించి స్నేహాలు పెంచుకున్నవాళ్ళు. మిగతావాళ్ళకి తమ జనం ఎవరో కూడా తెలియదు, వెతికి పట్టుకునే దారి లేదు. ఇంతకుముందు ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ కూడా 2014లో మూసేశారు కదా.

కాబట్టి కొన్న ప్రతివాళ్ళ పేరు, ఊరు, ఫోన్ నంబర్, ఏ రంగు తీసుకున్నారు, ఎవరు చెబితే వచ్చారు, ఇవన్నీ ఒక పుస్తకంలో రాయండి. ఫోన్‌లో ఉన్నా సరే పుస్తకంలో కూడా రాయండి. ఆ పుస్తకాన్ని ఏ యాప్ మూతపడినా ఎవరూ తీసుకోలేరు. వాళ్ళని అడిగి మాత్రమే మెసేజ్‌లు పెట్టండి, వద్దన్నవాళ్ళ పేరు కొట్టెయ్యండి.

నూజివీడు టీచర్
చుట్టాల గ్రూపుల గురించి ఒక్క మాట. దయచేసి పెళ్ళి గ్రూపుల్లో, స్కూల్ గ్రూపుల్లో చీరల ఫోటోలు పెట్టొద్దు. మా స్టాఫ్ గ్రూప్‌లో ఒకావిడ రోజూ నైటీలు పెడితే అందరూ గ్రూప్ మ్యూట్ చేశారు, చివరికి సెలవు సర్క్యులర్ కూడా ఎవరూ చూడలేదు. అదే ఇంకొకావిడ మంగళగిరి చీర కట్టుకుని స్కూల్‌కి వస్తే ఐదుగురం అడిగాం ఎక్కడ కొన్నావు అని. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు కాటన్ చీరలు ఎక్కువ కడతారు. అలాంటి ఒక్క మనిషి కట్టుకుంటే చాలు. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వస్తుంది, 2015 నుంచి జరుపుతున్నారు, చాలా ఆఫీసుల్లో ఆ రోజు చేనేత కడతారు. జూలై మొదట్లోనే స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడి పెట్టుకుంటాం. అప్పటికి మీ చీరలు సిద్ధంగా ఉండాలి.

చీరాల పెద్దాయన
టీచరమ్మ చెప్పింది బాగుంది. ఒక పడుగు ఎక్కిస్తే అది అయ్యేదాకా ఆ రంగే నడుస్తుంది కదా. ఎక్కించకముందే మీ పుస్తకంలో ఉన్నవాళ్ళని అడగమ్మా, ఏ రంగు కావాలి అని. ఇదివరకు మా ఇంటికి ఊళ్ళోవాళ్ళు వచ్చి అలాగే చెప్పి నేయించుకునేవాళ్ళు. ముందే చెప్పినవాళ్ళకి ముందు. నీ చీర మిగలదు, వాళ్ళకి తాము నేయించుకున్న చీర అని ఉంటుంది.

మంగళగిరి మగ్గం
అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇప్పటిదాకా చేసినవి రాస్తున్నాను. కొత్త సిమ్ తీసుకున్నాం, వాట్సాప్ బిజినెస్ పెట్టాను. నాన్న, బాబాయి, అమ్మ తరఫువాళ్ళు అందరినీ అడిగి నూలు చీరలు కట్టేవాళ్ళ పేర్లు రాశాను, వాళ్ళలో నంబర్ సేవ్ చేసుకుంటామన్న వాళ్ళకి మాత్రమే లిస్ట్. ధరలు పేజీలో రాసేశాను. నాన్న రంధ్రాల వీడియోకి ఒప్పుకున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కెమెరా వైపు చూడకుండా, చాలా బాగా చెప్పారు. దానికి కింద ఒకావిడ "మా అమ్మమ్మ చీర తీసి చూశాను, రంధ్రాలున్నాయి" అని రాశారు. నాన్న ఆ కామెంట్ రెండుసార్లు చదివించుకున్నారు.

తర్వాతి పడుగుకి రంగు అడగబోతున్నాను. ఆవపువ్వు పసుపు, నేరేడు, గచ్చకాయ రంగు, ఈ మూడిట్లో. ఇన్‌స్టా స్టోరీలో పోల్ పెట్టాలా, వాట్సాప్ లిస్ట్‌లో అడగాలా? రెండు చోట్లా వేర్వేరు జవాబులు వస్తే?

డాలస్ గుంటూరు
నేరేడు! మా అమ్మకి ఒకటి, నాకొకటి రాసుకో. గుంటూరు అడ్రస్ నీకు విడిగా మెసేజ్ పెడతాను.

ఆవకాయ జాడీ
రెండు చోట్లా అడుగు. స్టోరీలో నొక్కడానికి ఖర్చు లేదు కాబట్టి అందరూ నొక్కుతారు. వాట్సాప్‌లో "నాకొకటి రాయి" అన్నవాళ్ళని లెక్కపెట్టి పడుగు ఎక్కించు. వాళ్ళ దగ్గర సగం డబ్బు అడ్వాన్స్ తీసుకో, మొహమాటపడకు, నూలు ఖర్చు అందులోంచే వస్తుంది. ఎన్నిరోజులకి ఇస్తావో మాత్రం నాన్నగారిని అడిగి, ఆయన చెప్పినదానికి ఇంకో వారం కలిపి చెప్పు.